కాంటా మేడం చేతి తూకం

మా బడి వరండా దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. దానికిప్పుడు ఏ పనీ లేదు. వానల్లో పిల్లలు గొడుగులు తగిలిస్తారు, మిగతా కాలమంతా ఊరికే వేలాడుతుంటుంది. పీకించేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నిచ్చెన దొరికిన రోజు మనసు రాదు, మనసు వచ్చిన రోజు నిచ్చెన దొరకదు.

ఈ మధ్య ఒక ఉదయం ఆ కొక్కెం కిందే నిలబడి పిల్లల హాజరు పిలుస్తుంటే ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది.

"అక్క పోయింది టీచర్. మీ నంబర్ అక్క ఫోన్ల ఉన్నది. మీకు చెప్పాలనిపించింది," అంది ఎవరో ఆడమనిషి.

ఏ అక్క అని అడగబోయాను. కళ్లు వాటంతటవే దూలం వైపు పోయాయి. ఇక అడగలేదు.

ఆమెకు మంచి పేరే ఉంది. ముందు డాక్టర్ అని తగిలించుకోదగ్గ చదువూ ఉంది. కానీ మా ఊళ్లో ఆ పేరు ఎవరి నోటికీ ఎక్కలేదు. మా వైపు తూకం వేసే సాధనాన్ని కాంటా అంటారు. ఆమె పసిపిల్లల్ని తూచే కాంటాను సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద వచ్చేది. అందుకని కాంటా మేడం అయింది. నేను కూడా ఆమెను ఆ పేరుతోనే తలుచుకుంటాను.

మా బడి టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో, వాగు అవతల ఉంది. నాది ముదిగొండ. మిరప చేలు తప్ప అడవంటే ఎరగనిదాన్ని ఇక్కడికొచ్చి పడ్డాను. మొదట్లో రోజూ ప్రార్థనలో ప్రభువుకు ట్రాన్స్‌ఫర్ అర్జీ పెట్టుకునేదాన్ని. ఆయన సంతకం పెట్టలేదు. ఆ దిగులు రోజుల్లోనే ఆమె మా బడికి వచ్చింది.

పసిపిల్లల ఎదుగుదల మీద ఏదో పెద్ద పరిశోధన జరుగుతోంది. దానికి రెండు ఊళ్లు ఎంచుకున్నారు. బూర్గంపాడు వైపున్న ఒక ఊళ్లో పిల్లలకు రోజూ చిరుధాన్యాల పిండి ఇస్తారు, తల్లులకు పాఠాలు చెబుతారు, పిల్లలతో ఆటలాడిస్తారు. మా ఊళ్లో ఏమీ ఇవ్వరు. వచ్చి తూచి పోతారు, అంతే. ఆ ఊరి పిల్లలు మా పిల్లల కంటే బాగా పెరిగితే పిండి మంచిదని తేలినట్టు. అలా తేలితే తర్వాత మా ఊరికీ ఇస్తారట. మా ఊళ్లాంటి ఊరిని పరిశోధనలో కంట్రోల్ అంటారని ఆమే చెప్పింది. రేషన్ బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అనే మా ఊరికి ఆ మాట భలే నచ్చింది. ఇవాళ కాకపోతే రేపైనా పిండి వస్తుందని తల్లులు ఒప్పుకున్నారు.

మొదటి రోజే గొడవ అయింది. సరైన బరువు తెలియాలంటే బట్టలు విప్పి తూయాలంది ఆమె. ఊళ్లో ఒక అవ్వ ఉంది, కూతురి బిడ్డను చంకన వేసుకుని వచ్చింది. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడినా మాతో మాట్లాడే తెలుగు చాలా పదును.

"బట్టలిప్పి తూత్తవా పిలగాండ్లను? ఇప్పపువ్వు అనుకున్నవా? కన్ను తగుల్తది. ఇప్పనియ్యం," అంది.

అందరి ముందూ నేను సిగ్గుపడిపోయాను. మా ఇంట్లో దిష్టి లేదు, ప్రార్థన ఉంది. ఏదో సర్దిచెప్పబోతే మేడం నన్ను ఆపింది.

"సరే అవ్వా. నడుముకు గుడ్డ ఉండనియ్యి. గుడ్డ బరువు నేను తీసేసుకుంట," అంది.

అవ్వ అంతటితో వదల్లేదు. "ఇంకోటి. ఒకటి అని మొదలువెట్టకు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఏమంటం? లాభం అంటం. నా మనమరాలు ముందుగాల ఎక్కుతది. లాభం అను."

మేడం నవ్వలేదు. ఆ రెండేళ్ల పిల్లను ఉయ్యాల గుడ్డలో కూర్చోబెట్టి, కొక్కేనికి వేలాడుతున్న కాంటాకు తగిలించి, "లాభం," అని గట్టిగా అంది. తర్వాత రెండు, మూడు. ఆ రోజు నుంచి ఎప్పుడొచ్చినా అదే వరస, అదే పిల్ల ముందు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి చేతులు. పిల్లను పట్టుకునే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది, చల్లగా తగలకుండా. కాంటా మీద ముల్లు ఆగగానే బరువు పైకి చెప్పేది. పెరిగితే పెరిగింది అని, తగ్గితే తగ్గింది అని. తల్లికి తెలియకుండా రాసుకుపోవడం దొంగతనం అనేది. తర్వాత పిల్లను కిందికి దించేది కాదు. రెండు చేతుల మీదికి తీసుకుని, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం అలా నిలబడేది. అప్పుడు తల్లికి ఇచ్చేది.

"ముల్లు చెప్పింది చాలదా మేడం?" అని వెటకారం చేశాను ఒకసారి.

"ముల్లు బరువు చెప్తది టీచర్. పిల్ల ఎట్లున్నదో చేతులు చెప్తయ్. కానీ చేతులు చెప్పింది రాసేందుకు మా ఫారంల జాగా లేదు."

మా ఊళ్లో ఆమె ఏమీ తినేది కాదు, ఎవరికీ ఏమీ పెట్టేది కాదు. ఒక్క బిస్కెట్ పెట్టినా లెక్క చెడిపోతుందట. పిల్లలు సంచి పట్టుకు లాగుతుంటే జిప్పు మీద చెయ్యి ఆనించి నిలబడేది. మధ్యాహ్నం వాగు దాటి, కల్వర్టు మీద కూర్చుని, డబ్బా తెరిచేది. నేనూ నా డబ్బా పట్టుకుని వెళ్లేదాన్ని. మాతోపాటు కాకులు వచ్చేవి. ఆమె ముందు వాటికి ముద్దలు విసిరి, తర్వాత తను తినేది.

"మా పిల్లలకు పెట్టరు గానీ మా కాకులకు పెడుతున్నారే," అన్నాను.

"కాకులను తూయను కద టీచర్. పెట్టొచ్చు," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను. ఆమె పని ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది ఆ రోజే. ఏమీ చెయ్యకుండా ఉండడమే ఆమె పని. ఆకలిని దగ్గర నిలబడి కొలవాలి, దాన్ని ముట్టుకోకూడదు. అలాంటి ఉద్యోగం నాకు ఇచ్చి ఉంటే మొదటి వారంలోనే పారిపోయేదాన్ని. ఆమె పారిపోలేదు. పిండి మంచిదని తేలితే ఈ పిల్లలందరికీ అందుతుందని గట్టిగా నమ్మింది, ఆ నమ్మకంతోనే జిప్పు బిగించుకుంది.

వానలు పడ్డాయి. మా ఊళ్లో వానాకాలమంటే ఇంట్లో గింజలు అడుగంటే కాలం, పిల్లలకు జ్వరాలు పట్టుకునే కాలం. ఆమె వచ్చింది, కాంటా తగిలించింది. తగ్గింది. తగ్గింది. తగ్గింది. వరండా అంతా ఆ ఒక్క మాటే. మళ్లీ వచ్చినప్పుడూ అదే. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత్తర్వాత స్కూటర్ చప్పుడు వాగు దగ్గర వినబడగానే ముంగిట్లో ఆడుకునే పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు. కుక్కలు కూడా ఆమె స్కూటర్‌కు ఒక రకంగా మొరిగేవి. అది నా భ్రమేనేమో.

"ఆమె వచ్చినప్పుడల్ల పిలగాండ్లు తగ్గుతున్నరు టీచరమ్మా," అంది అవ్వ ఒకరోజు నాతో, ఎవరూ వినకుండా. "ఆమె మంచిదే. మాట మంచిదే. మరి తగ్గుడు ఎందుకు?"

"ఆమె రావడం వల్ల కాదవ్వా. తిండి లేక," అన్నాను.

"తిండి ఏ ఏడున్నది?" అంది అవ్వ.



చలికాలం వచ్చేసరికి అంతా మారిపోయింది. ఆ విడత ఒక్కరికీ తగ్గింది అనే మాట రాలేదు. పెరిగింది, పెరిగింది, పెరిగింది. నా పిల్లలే అయినంత సంబరపడ్డాను. ఆమెకే సంబరం లేదు. ఒక్కొక్కరినీ ఎత్తి, కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ ముల్లు వైపు చూస్తోంది.

కల్వర్టు మీద ఆ రోజు డబ్బా తెరవలేదు. "ఏం తింటున్నరు టీచర్ పిల్లలు ఈ మధ్య?"

"ఎప్పటిదే. గంజి, పచ్చికారం."

"ముల్లు ఒకటి చెప్తాంది, చేతులు ఒకటి చెప్తున్నయ్," అంది.

మళ్లీ ఆమె వచ్చేసరికి మిరప కోతలు మొదలయ్యాయి. ఊళ్లో సగం మంది తల్లులు మా ముదిగొండ వైపే కాయలేరడానికి పోయారు, పిల్లల్ని ముసలివాళ్లకు వదిలి. అవ్వ కూతురు కూడా పోయింది. అవ్వ మనమరాలిని తెచ్చి కాంటా ఎక్కించింది.

"లాభం," అంది మేడం. పిల్ల బరువు పెరిగింది.

పిల్లను చేతుల్లోకి తీసుకుంది. దించలేదు. మళ్లీ ఉయ్యాలలో పెట్టింది, మళ్లీ ఎత్తింది. ఈసారి ఆమె వేళ్లు పిల్ల నడుముకు చుట్టిన గుడ్డ దగ్గర ఆగిపోయాయి. మెల్లగా గుడ్డ విప్పింది. మొలతాడుకు నల్లదారంతో కట్టి ఉంది అరచేతిలో పట్టేంత నాగలి కర్రు ముక్క.

వరసలో ఉన్న పిల్లలందరికీ ఉంది. విరిగిన కొడవలి మొన, బండి చీల, గొడ్డలి తునక. ఎవరింట్లో ఏది ఉంటే అది. తగ్గింది అన్న మాట ఎక్కువ విన్న ఇళ్లలో ఇనుము కూడా ఎక్కువ కట్టారు.

"మోసం గాదు బిడ్డా," అంది అవ్వ. గొంతులో తప్పు చేసిన జంకు లేదు. "నీ కాంటా కన్ను తగల్కుంట కట్టినం. ఇనుమున్న కాడికి కన్ను రాదు. కట్టినంక తగ్గుడు ఆగలేదా? నువ్వే చెప్పితివి గద, పెరిగిర్రని."

మేడం చాపేసి ఇనుమంతా ఒకచోట పెట్టించింది. మళ్లీ మొదటి నుంచి తూచింది. ఈసారి బరువులు పైకి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ముల్లు ఎక్కడ ఆగేదో ఆ ఆడవాళ్లందరికీ ఇన్నాళ్లలో కంటికి అలవాటైపోయింది. అవ్వ మనమరాలి దగ్గర అది పోయిన వానాకాలం కంటే కిందనే ఆగిపోయింది.

"సూసినవా?" అంది అవ్వ నా వైపు తిరిగి. "ఇనుము తియ్యంగనే ఎంత తగ్గిర్రో."

నేను బీఎస్సీ చదివాను. ఇనుముకు బరువుంటుందని మూడో తరగతి పిల్లలకు చెప్పగలను. నోరు తెరిచాను. కానీ వాళ్లు చేసిందేమిటి? కట్టి చూశారు, తగ్గడం ఆగింది. తీసి చూశారు, తగ్గింది. పరిశోధన చేసేవాళ్లు చేసేదీ అదే, ఒక ఊళ్లో ఇచ్చి ఒక ఊళ్లో ఇవ్వక తేడా చూడడం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అప్పుడు మేడం సంచి జిప్పు తీసింది. డబ్బాలోని అన్నం మెత్తగా పిసికి అవ్వ మనమరాలి నోట్లో పెట్టింది. అందరూ చూస్తుండగానే పెట్టింది. పిల్ల రెండు ముద్దలు తిని తల తిప్పేసుకుంది.

"అవ్వా, భద్రాచలం దవాఖానకు పోదాం. ఇప్పుడే, నా బండి మీద. పిల్ల ఒంట్ల పాణం లేదు," అంది.

అవ్వ అప్పటికే కర్రు ముక్క ఏరుకుని మళ్లీ మొలతాడుకు కట్టేస్తోంది. "తల్లి మిరపకాయ ఏరబోయింది. తల్లి లేకుంట నేనెట్ల పంపుత? రానీ," అంది.

మేడం బతిమాలింది. నేనూ బతిమాలాను. తల్లికి ఫోన్ కలిపి చెప్పాం. ఆమె బండ్లు దొరక్క, మేస్త్రీ కదలనివ్వక, వచ్చేసరికి ఆలస్యమైంది. ఈలోపు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి వాగు దాటేటప్పటికి ఇంటి ముందు జనం ఉన్నారు.

ఊరంతా ఒకటే మాట. ఇనుము తీసింది ఆమె. తీసిన పొద్దే చెడ్డది. మేడం జరిగింది జరిగినట్టు పైవాళ్లకు చెప్పింది. మా ఊరి లెక్కలు ఇక పనికిరావన్నారు వాళ్లు. పోల్చి చూసే ఊరే లేకపోతే పరిశోధన ఎలా నిలుస్తుంది? ఆపేశారు. మా ఊరికి పిండి రాలేదు, ఆ ఊళ్లో ఇస్తున్నదీ ఆగిపోయింది.

ఆమె మళ్లీ ఒక్కసారి వచ్చింది. కాంటా లేదు, సంచి లేదు. బండి కల్వర్టు దగ్గర వదిలి నడిచి వచ్చింది. నాకు భయం వేసి వెంట వెళ్లాను. అవ్వ గడప ముందు నేల మీద కూర్చుంది. ఇళ్ల ముందు మగవాళ్లు లేచి నిలబడ్డారు. అవ్వ ఆమెను పైనుంచి కింది దాకా చూసి లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో ఆ కర్రు ముక్కే ఉంది.

"లే. నడుం సూపియ్యి," అంది.

మేడం లేచి నిలబడింది. అవ్వ నల్లదారం చుట్టి ఇనుము ఆమె నడుముకు కట్టింది, ముడి మీద ముడి వేసి.

"సగమైనవ్ బిడ్డా. నిన్ను గూడ ఎవరో తూత్తున్నట్టున్నరు," అంది.

తిరిగి కల్వర్టు దాకా నడిచాం. ఆమె చీర మీద నుంచే దాన్ని తడుముకుంటూ నడిచింది. "చల్లగున్నది టీచర్," అంది, అంతే.

తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేసేది. కుశలం అడిగేది కాదు. "పిల్లలను ఎత్తి చూస్తున్నరా?" అనేది ముందు. "ఎత్తుతున్న మేడం, నా నడుం పోతాంది," అనేదాన్ని. నవ్వేది. ఆ నవ్వు కూడా ఫోన్ ఫోన్‌కీ సన్నబడిపోయింది. ఒంట్లో బాగాలేదని నాకు ఒక్కసారీ చెప్పలేదు.

పెద్దకర్మకు ఖమ్మం వెళ్లాను. ఫోటోలో దండ వెనక ఆ చేతులు కనబడలేదు, ముఖమే ఉంది. నాకు ఏడుపొచ్చింది. నాకు ఫోన్ చేసిన చెల్లెలు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం ఆమెది, నాకంటే ఎక్కువ చదివిన మనిషి.

"అక్క నడుముకు ఒక ఇనుప ముక్క ఉండె టీచర్. మీకు తెలుసంట కద. స్కానింగ్ మెషీన్ల పెట్టాలంటే ఇనుము ఉండొద్దన్నరు. అక్క తియ్యనియ్యలే. ఇంత రీసెర్చ్ చేసినదానివి నీకు సిగ్గులేదా అని నేనే తిట్టిన. నా చేతులతోటే కత్తెరతోటి కోసిన. అప్పటిదాక రెండు ముద్దలు తింటుండె. అది తీసినప్పటి సంది తగ్గుడే తగ్గుడు."

నేను కాదంటానని నా ముఖంలోకి చూసింది. కాదనమని అడుగుతున్నట్టే చూసింది. అప్పటికే ముదిరిన రోగం అది, తెలుసు నాకు. ఆ మాట చెప్పాను కూడా. చెబుతుంటే నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

ఆ ముక్క ఇంట్లో ఉంచుకోలేనని నా చేతిలో పెట్టింది. బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టేకులపల్లి వచ్చేదాకా తొడ మీద అదొక్కటే తెలుస్తూ ఉంది.

మర్నాడు బడి అయ్యాక అవ్వ దగ్గరకు వెళ్లాను. అవ్వ మునుపటికంటే వంగిపోయింది. ఒళ్లో మనవడు ఉన్నాడు, ఆ కూతురికే తర్వాత పుట్టినవాడు. విషయం చెప్పాను. అవ్వ వాడి తల నిమిరింది.

"పోయేటప్పుడు ఇనుమున్నదా నడుముకు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "మెషీన్ల పెట్టేటందుకు తీసిండ్రవ్వా."

"తీత్తరు," అంది అవ్వ. "తియ్యకుంట ఉండలేరు."

చెయ్యి చాచింది. ఇచ్చాను. మనవడి మొలతాడు పైకి లాగి, అప్పటికే ఉన్న కొడవలి మొన పక్కన కర్రు ముక్కను కూడా కట్టింది. నా బల్ల సొరుగులో ఒక కాగితం ఉంది. వచ్చే వారం కొత్త పరిశోధన బృందం వస్తుందట, ఒంట్లో కండ ఎంతో కొవ్వు ఎంతో చెప్పే మెషీనుతో. ఒంటి మీద లోహపు వస్తువేదీ లేకుండా పిల్లల్ని తీసుకురమ్మని తల్లులకు చెప్పాలట. ఆ మాట చెప్పడానికి కూడా కదా వచ్చాను నేను.

చెప్పలేదు. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, పిల్లవాణ్ణి అవ్వ ఒళ్లోంచి ఎత్తుకున్నాను. రెండు చేతుల మీదా పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. అంత ఇనుముతో కూడా వాడి బరువు నా చేతులకు ఆనలేదు.

"అవ్వా, భద్రాచలం పోదాం. ఇప్పుడే. ఇనుము ఉండనియ్యి, ఎవరు తియ్యమన్నా నేను తియ్యనియ్య," అన్నాను.

"తల్లి మిరపకాయ ఏరబోయింది," అంది అవ్వ. "రానీ."

వాణ్ణి తిరిగి ఇమ్మని చేతులు చాచింది. నేను ఇవ్వలేదు. వాణ్ణి భుజాన వేసుకుని వాగు వైపు నడిచాను. వెనక అవ్వ కేకలు వేస్తోంది. ఇళ్ల ముందు మగవాళ్లు లేచి నిలబడుతున్నారు.